సౌర తుఫాను అంచనాలు ఎందుకు తప్పుతాయి? కంప్యూటర్ చాలకనా, కొలతలు చాలకనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. సూర్యుడి మీద జరిగే పేలుళ్లను పెద్ద పెద్ద కంప్యూటర్ల మీద మోడల్ చేస్తున్నారు. అయినా టీవీల్లో "భూమి వైపు దూసుకొస్తున్న సౌర తుఫాను" అని ఊదరగొట్టినవి చాలావరకు తుస్సుమంటున్నాయి. 2024 మేలో మాత్రం హెచ్చరించినదానికంటే పెద్దదే వచ్చి పడింది. ఇదంతా కంప్యూటర్ల బలం చాలకేనా? ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న మీరు ఈ పనిలోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

సూటిగా చెప్పాలంటే, కంప్యూటర్ బలం అసలు సమస్య కాదు. మోడల్‌కి ఇవ్వాల్సిన కొలతలు మన దగ్గర లేవు. సూర్యుడి నుంచి బయల్దేరిన ప్లాస్మా (విద్యుదావేశమున్న వాయువు) మేఘం భూమికి తగులుతుందా లేదా అన్నది చాలాసార్లు చెప్పగలం. ఎప్పుడు తగులుతుందో సగటున పది గంటలు అటూ ఇటూగా చెప్పగలం. తగిలాక ఎంత గట్టిగా కుదుపుతుందో మాత్రం, అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చేదాకా నమ్మకంగా చెప్పలేం. అప్పటికి మన చేతిలో మిగిలేది గంట లోపే.

నేను పనిచేసేది సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్న ప్రయాణాన్ని మోడల్ చేసే బృందంలో. సూర్యుడి మీద పేలుడు ఎందుకు మొదలవుతుంది అన్నది పక్క గదిలో వాళ్ల పని. కాబట్టి ఆ భాగం గురించి నేను చెప్పేదాన్ని కొంచెం బయటివాడి మాటగా తీసుకోండి.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. వార్తల్లో "సౌర తుఫాను" అనే ఒక్క పేరు కింద మూడు వేరువేరు సంగతుల్ని కలిపేస్తారు. మొదటిది ఫ్లేర్: ఎక్స్‌రే, అతినీలలోహిత కాంతి ఒక్కసారిగా ఎగజిమ్మడం. కాంతి కాబట్టి ఎనిమిది నిమిషాల్లో ఇక్కడుంటుంది. మనం చూసేసరికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది, భూమికి పగలున్న వైపు షార్ట్‌వేవ్ రేడియో కాసేపు మూగబోతుంది. రెండోది వేగం పుంజుకున్న ప్రోటాన్లు. ఇవి పదుల నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు వస్తాయి. ఉపగ్రహాల్లోని చిప్‌లకూ, వ్యోమగాములకూ, ధ్రువాల మీదుగా వెళ్లే విమానాలకూ వీటితో ఇబ్బంది. మూడోది సీఎంఈ, అంటే కరోనల్ మాస్ ఇజెక్షన్. దాదాపు వంద కోట్ల టన్నుల ప్లాస్మా, తనతో పాటు తన అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకుని బయల్దేరుతుంది. సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల నుంచి మూడు వేల దాకా వేగం ఉంటుంది, భూమికి రావడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేది ఇదే. నేను మోడల్ చేసేది కూడా దీన్నే.

ఎక్స్ క్లాస్, అంటే అన్నిటికంటే బలమైన తరగతి ఫ్లేర్ అనగానే తుఫాను ఖాయం అనుకోవద్దు. 2014 అక్టోబర్‌లో 12192 అనే నంబరున్న సన్‌స్పాట్ సమూహం, అంటే సూర్యుడి మీది నల్ల మచ్చల గుంపు, కనిపించింది. 1990 తర్వాత అంత పెద్దది రాలేదు. అది ఆరు ఎక్స్ క్లాస్ ఫ్లేర్లు ఇచ్చింది, చెప్పుకోదగ్గ సీఎంఈ ఒక్కటీ ఇవ్వలేదు. పైన కమ్ముకుని ఉన్న అయస్కాంత క్షేత్రం బలంగా ఉండి, లోపలిదాన్ని బయటికి పోనివ్వలేదు. దీనికి సరిగ్గా తలకిందులుగా 2015 మార్చి 15న జరిగింది. ఫ్లేర్ చూస్తే సీ 9.1, ఎవరూ పట్టించుకోని స్థాయి. దానితో పాటు వచ్చిన సీఎంఈ పక్కనుంచి రాసుకుపోతుందనీ, వస్తే జీ1 స్థాయి చిన్న తుఫాను (కొలమానం జీ1 నుంచి జీ5 దాకా) వస్తుందనీ అంచనా వేశారు. 17న వచ్చింది జీ4. దాదాపు పదకొండేళ్ల ఆ సౌరచక్రం మొత్తానికీ అదే అతి పెద్ద తుఫాను. టీవీ వాళ్లు ఫ్లేర్ క్లాస్ చూసి హెడ్‌లైన్ పెడతారు కాబట్టి, వాళ్ల వల్ల మీకు కలిగిన నిరాశలో సగం ఇక్కడే తేలిపోతుంది.

ఇక మోడల్ ఎలా నడుస్తుందో చూద్దాం. మొదట కావాల్సింది మాగ్నెటోగ్రామ్, అంటే సూర్యుడి ఉపరితలం మీద అయస్కాంత క్షేత్రం మ్యాప్. దీన్ని భూమి మీద గాంగ్ అనే ఆరు స్టేషన్ల వలయం రోజంతా తీస్తూ ఉంటుంది. వాటిలో ఒకటి మన ఉదయ్‌పూర్‌లోని సౌర అబ్జర్వేటరీలో ఉంది. అమెరికాలో ఎవరో సౌర గాలిని (సూర్యుడి నుంచి ఎప్పుడూ బయటికి వీచే ప్లాస్మాను) అంచనా వేస్తే అందులో ఉదయ్‌పూర్ ఎండ కూడా కొంత ఉంటుందన్నమాట.

ఆ మ్యాప్ నుంచి కరోనాలో, అంటే సూర్యుడి బయటి వాతావరణంలో, అయస్కాంత రేఖలు ఎలా పరుచుకున్నాయో లెక్కగడతారు. చాలామంది వాడే పద్ధతిలో, సూర్య వ్యాసార్ధానికి రెండున్నర రెట్ల దూరంలో రేఖలన్నీ నిటారుగా బయటికి తెరుచుకుంటాయని ఊహించుకుంటారు. ఆ రెండున్నర అన్నది సౌకర్యం కోసం పెట్టుకున్న సంఖ్య, ప్రకృతి రాసిచ్చినదేం కాదు. తర్వాత డబ్ల్యూఎస్ఏ అనే అనుభవ సూత్రం, రేఖలు ఎంతగా విచ్చుకుంటున్నాయో చూసి అక్కడి నుంచి సౌర గాలి ఎంత వేగంతో వీస్తుందో చెబుతుంది. ఆ వేగాల్ని 21.5 సూర్య వ్యాసార్ధాల దగ్గర, అంటే సూర్యుడికీ భూమికీ మధ్య దూరంలో పదో వంతు దగ్గర, ఒక గోళం మీద పరుస్తారు. అక్కడి నుంచి బయటికి ఎన్‌లిల్ లాంటి ఎంహెచ్‌డీ మోడల్ నడుస్తుంది, అంటే ప్లాస్మాను అయస్కాంత ద్రవంగా చూసే సమీకరణాలు.

అక్కడే ఎందుకు మొదలుపెడతారంటే, ఆ దూరానికి సౌర గాలి వేగం ప్లాస్మాలోని అన్ని రకాల తరంగాల వేగాన్నీ దాటేసి ఉంటుంది. బయట జరిగేది ఏదీ వెనక్కి ప్రయాణించి సరిహద్దును పాడుచేయదు. మోడలర్‌కి దీనికంటే హాయైన పరిస్థితి ఉండదు. కరోనాను మోడల్ చేసేవాళ్లకు ఈ సుఖం లేదు.

అమెరికా నోవా సంస్థ అంతరిక్ష వాతావరణ కేంద్రం 2011 నుంచి డబ్ల్యూఎస్ఏ-ఎన్‌లిల్ జంటనే రోజువారీ అంచనాలకు వాడుతోంది. యూరప్‌లో, బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం ప్రధానంగా తయారుచేసిన యూఫోరియా ఉంది. ఈ గాలిలోకి సీఎంఈని ఎలా ప్రవేశపెడతారు? అలవాటుగా వాడేది కోన్ పద్ధతి. కరోనాగ్రాఫ్ (కరోనాను ఫొటో తీసే పరికరం) చిత్రాలు చూసి, మేఘం ఏ దిశలో, ఎంత వెడల్పుతో, ఎంత వేగంతో పోతోందో ఒక మనిషి అంచనా వేస్తాడు. ఆ నాలుగైదు అంకెల్ని మోడల్‌కి ఇస్తాడు. మోడల్ ఆ దిశ నుంచి ఒక సాంద్రమైన, వేగమైన ముద్దను లోపలికి నెడుతుంది.

ఆ ముద్ద లోపల సీఎంఈకి చెందిన అయస్కాంత క్షేత్రం ఉండదు. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని దగ్గరికే వస్తాం.

ముందు "పది గంటలు అటూ ఇటూ" ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. దీనికి సూపర్‌కంప్యూటర్ అక్కర్లేదు, మీ ల్యాప్‌టాప్‌లో పైథాన్ చాలు. నిరోధం ఆధారంగా పనిచేసే ఒక సరళమైన మోడల్ ఉంది. సీఎంఈ సౌర గాలి కంటే వేగంగా ఉంటే నెమ్మదిస్తుంది, నిదానంగా ఉంటే గాలి దాన్ని ఈడ్చుకుపోతుంది. వేగంలో మార్పు, రెండింటి వేగాల తేడా వర్గానికి అనుపాతంలో ఉంటుంది. ఆ అనుపాత స్థిరాంకాన్ని గామా అంటారు. దాని విలువ కోటి కిలోమీటర్లకు 0.2 అనుకోండి.

20 సూర్య వ్యాసార్ధాల దగ్గర సీఎంఈ వేగం సెకనుకు 1000 కిలోమీటర్లు, గాలి వేగం 400 అయితే, అక్కడి నుంచి భూమికి రావడానికి దాదాపు 53 గంటలు పడుతుంది. వచ్చేసరికి వేగం 580 దగ్గరికి తగ్గిపోతుంది. ఇప్పుడు సీఎంఈని ముట్టుకోకుండా గాలిని మాత్రమే మార్చండి. గాలి 300 అయితే 61 గంటలు, 500 అయితే 48 గంటలు. పదమూడు గంటల తేడా! గాలిని 400 దగ్గరే ఉంచి సీఎంఈ వేగాన్ని మార్చినా అంతే: 800 అయితే దాదాపు 60 గంటలు, 1200 అయితే 48. గామాను సగానికి తగ్గిస్తే 53 కాస్తా 46 అవుతుంది.

ఈ తేడాలు నేను బడాయికి తీసుకున్నవి కావు. గాలి వేగంలో సెకనుకు వంద కిలోమీటర్ల పొరపాటు మా పనిలో మామూలు విషయం. ఎందుకంటే మాగ్నెటోగ్రామ్‌లో సూర్యుడి అవతలి వైపు ఉండదు. సూర్యుడు భూమి వైపు నుంచి చూస్తే 27 రోజులకోసారి తిరుగుతాడు, కాబట్టి అవతలి వైపు మ్యాప్ రెండు వారాల పాతది కావచ్చు. ఈలోగా అక్కడ కొత్త మచ్చలు పుట్టి ఉండొచ్చు. ధ్రువాలైతే భూమి నుంచి సరిగ్గా కనిపించవు. సౌర గాలి ఎలా పరుచుకుంటుందో తేల్చడంలో ధ్రువాలది పెద్ద పాత్ర. సోలార్ ఆర్బిటర్ నౌక 2025లో సూర్యుడి దక్షిణ ధ్రువాన్ని 17 డిగ్రీల వాలు నుంచి తొంగిచూసిందని మావాళ్లు అంత సంబరపడింది అందుకే.

సీఎంఈ వేగాన్ని కొలవడంలో ఇంకో తమాషా ఉంది. మనకు ముఖ్యమైన సీఎంఈ మన వైపే వస్తున్నది. సరిగ్గా దాని వేగాన్ని కొలవడమే అన్నిటికంటే కష్టం. కరోనాగ్రాఫ్ సూర్యుడి బింబాన్ని కప్పి చుట్టూ ఉన్న మసక వెలుగును చూపిస్తుంది. పక్కకు పోయే సీఎంఈ చక్కగా పొడుగ్గా కనిపిస్తుంది. మన ముఖాన వచ్చేది సూర్యుడి చుట్టూ ఉబ్బుతున్న వలయంలా మాత్రమే కనిపిస్తుంది. ఆ ఉబ్బే వేగం మన వైపు వచ్చే వేగం కాదు. పక్క నుంచి ఇంకో కన్ను ఉంటే బాగా తేలుతుంది. 2006లో పంపిన స్టీరియో జంట నౌకలు కొన్నేళ్లు ఆ సౌకర్యం ఇచ్చాయి. 2014లో ఒకదానితో సంబంధం తెగిపోయింది, రెండోది తిరిగి తిరిగి 2023 ఆగస్టులో భూమి పక్కకే వచ్చేసింది. రెండు కళ్లూ ఒకేచోట ఉంటే లోతు తెలియదు కదా. యూరప్ అంతరిక్ష సంస్థ విజిల్ అనే నౌకను, సూర్యుడినీ భూమినీ పక్క నుంచి చూడగలిగే ఎల్5 బిందువుకు పంపాలనుకుంటోంది, కానీ అది 2031 మాట.

ఇద్దరు అనుభవజ్ఞుల చేతికి ఒకే చిత్రాలిచ్చి అంకెలు తీయమనండి. ఒకరు సగం వెడల్పు 35 డిగ్రీలంటారు, ఇంకొకరు 50 అంటారు, ఇద్దరి ఫిట్టింగూ చూడ్డానికి బాగానే ఉంటుంది. అందుకే నేను ఒకే రన్‌ను నమ్మను. అంకెల్ని కొద్దికొద్దిగా మారుస్తూ గుంపుగా రన్‌లు పెడతాం, ఫలితాల్ని ఒక పట్టీగా చూపిస్తాం. ఎవరైనా సీఎంఈ రాక సమయాన్ని నిమిషాలతో సహా చెబితే, ఆ నిమిషాల్ని పట్టించుకోవద్దు.

దిశ కూడా తప్పుతుంది. 2014 జనవరి 7న సూర్యుడి బింబానికి దాదాపు నడిమధ్య నుంచి ఎక్స్ 1.2 ఫ్లేర్‌తో పాటు చాలా వేగమైన సీఎంఈ బయల్దేరింది. అందరూ భూమి మీదికే అనుకున్నారు, జీ3 హెచ్చరిక ఇచ్చారు. రేడియేషన్ భయంతో అమెరికాలో ఒక రాకెట్ ప్రయోగాన్ని కూడా ఒకరోజు వాయిదా వేశారు. తీరా జరిగిందేమిటి? దాదాపు రెండు రోజుల తర్వాత భూమి దగ్గర ఒక చిన్న అల, అంతే. పక్కనున్న బలమైన అయస్కాంత క్షేత్రాలు, కరోనల్ హోల్ (కరోనాలో సౌర గాలి వేగంగా బయటికి వీచే చోటు) కలిసి సీఎంఈని సూర్యుడి దగ్గరే పక్కకు నెట్టేశాయి. అది ప్రధానంగా అంగారకుడి వైపు పోయింది. 21.5 వ్యాసార్ధాల దగ్గర మొదలయ్యే మోడల్‌కి, అంతకుముందు జరిగిన ఈ మలుపు తెలిసే దారే లేదు. మనం ఇచ్చిన దిశలో అది బుద్ధిగా పంపుతుంది.

దారిలో ముందు వెళ్లినవి కూడా లెక్కలోకి రావాలి. 1972 ఆగస్టు 4న వచ్చిన సీఎంఈ 14.6 గంటల్లో భూమికి చేరింది, అది ఇప్పటికీ రికార్డే. అంతకుముందు వెళ్లిన సీఎంఈలు దారిలో గాలిని ఊడ్చేసి ఉండటంతో దానికి నిరోధం దాదాపు లేకుండా పోయింది. ఆ తుఫానుకి వియత్నాం తీరంలో అమెరికా వేసిన, అయస్కాంత మార్పును పసిగట్టి పేలే సముద్ర మందుపాతరలు డజన్లకొద్దీ వాటంతటవే పేలిపోయాయి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. తీవ్రతను తేల్చేది బీజెడ్, అంటే సీఎంఈ మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రంలో ఉత్తర-దక్షిణ భాగం. భూమి క్షేత్రం ముందువైపున ఉత్తరానికి చూస్తుంది. వచ్చే క్షేత్రం కూడా ఉత్తరానికి ఉంటే, ఎంత వేగంగా వచ్చినా భూమి కవచం నొక్కుకుంటుంది తప్ప పెద్దగా తెరుచుకోదు. దక్షిణానికి ఉంటే రెండు క్షేత్రాల రేఖలూ తెగి ఒకదానితో ఒకటి కలుస్తాయి, సౌర గాలి శక్తి లోపలికి పోటెత్తుతుంది. వేగాన్ని దక్షిణ బీజెడ్‌తో గుణిస్తే వచ్చే విద్యుత్ క్షేత్రం, అది ఎన్ని గంటలు నిలుస్తుందన్నది, ఈ రెండూ తెలిస్తే తుఫాను పరిమాణం చాలావరకు తెలిసినట్టే.

కోన్ పద్ధతిలో ముద్ద లోపల క్షేత్రమే లేదన్నాను కదా. అంటే రోజూ వాడే మోడల్ తీవ్రతను తేల్చే ఆ ఒక్క అంకెను అసలు లెక్కించనే లేదు. అంచనా వేసేవాళ్లు వేగం, సాంద్రత, పాత అనుభవం చూసి జీ స్థాయి చెబుతారు.

2024 మేలో జరిగింది ఇదే. 13664 అనే సన్‌స్పాట్ సమూహం 8వ తేదీ నుంచి వరసగా సీఎంఈలు వదిలింది. అవి దారిలో ఒకదాన్నొకటి అందుకుని కలిసిపోయాయి. నోవా జీ4 హెచ్చరిక ఇచ్చింది, 2005 జనవరి తర్వాత ఆ స్థాయి ముందస్తు హెచ్చరిక అదే మొదటిది. కాబట్టి "ఎవరూ చెప్పలేదు" అనడం అన్యాయం. 10వ తేదీ రాత్రి, మన సమయం పదిన్నర దాటాక తగిలింది. బీజెడ్ దక్షిణానికి 50 నానోటెస్లా దాకా వెళ్లింది. మామూలు రోజుల్లో అక్కడ మొత్తం క్షేత్రమే 5 నానోటెస్లా ఉంటుంది. స్థాయి జీ5కి చేరింది, 2003 అక్టోబర్ తర్వాత మళ్లీ అప్పుడే. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది. జీ4 జీ5 అవుతుందని చెప్పాలంటే, కలిసిపోయిన మేఘాల లోపల క్షేత్రం ఎటు తిరిగి ఉందో ముందు తెలియాలి. సీఎంఈల మేఘం, భూమికి సూర్యుడి వైపున్న ఎల్1 బిందువు దగ్గరి నౌకల్ని దాటేదాకా అది ఎవరికీ తెలియదు.

ఎల్1 దూరం 15 లక్షల కిలోమీటర్లు, సూర్యుడి దూరంలో ఒక శాతం. మనకు తెలిసిన బంగాళాఖాతం లెక్కలో చెప్పాలంటే, విశాఖకు వెయ్యి కిలోమీటర్ల దూరంలో తుఫాను పుట్టింది. పైనుంచి ఫొటోలున్నాయి, కానీ దాని లోపల ఏముందో కొలిచే పరికరం తీరానికి పది కిలోమీటర్ల దూరంలో ఒక్కటే ఉంది. సీఎంఈ సెకనుకు 600 కిలోమీటర్ల వేగంతో వస్తే ఎల్1 నుంచి భూమికి 40 నిమిషాలు, వెయ్యితో వస్తే 25.

ఇక్కడ ఆదిత్య-ఎల్1 గురించి ఒక మాట. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి వెళ్లి, 2024 జనవరి 6న ఎల్1 చుట్టూ కక్ష్యలో చేరింది. "ఇక సౌర తుఫాన్లను ఆదిత్య ముందే పసిగడుతుంది" అని అప్పట్లో మన పేపర్లు రాశాయి. దాని మాగ్నెటోమీటర్ కూడా అదే ఎల్1 దగ్గరుంది, కాబట్టి బీజెడ్ విషయంలో అమెరికా నౌకల కంటే ఎక్కువ సమయం అదేమీ ఇవ్వదు. దాని అసలు విలువ వేరే చోట ఉంది. సోహో నౌక మీదున్న పాత కరోనాగ్రాఫ్‌కి రెండు సూర్య వ్యాసార్ధాల లోపల ఏమీ కనిపించదు. ఆదిత్య మీదున్న వెల్క్ కరోనాగ్రాఫ్ 1.05 వ్యాసార్ధాల దగ్గర్నుంచీ చూడగలదు. సీఎంఈ వేగం పుంజుకునేది, పక్కకు మలుపు తిరిగేది ఆ కొద్ది జాగాలోనే. 2014 జనవరి లాంటి ఘటన మళ్లీ వస్తే తప్పు పట్టుకునే అవకాశం అక్కడుంది.

అయితే మోడల్ సీఎంఈ లోపల అయస్కాంత క్షేత్రం పెట్టొచ్చు కదా అంటారా? పెడుతున్నాం. యూఫోరియాలో స్ఫెరోమాక్ అనే గుండ్రటి అయస్కాంత ముద్దను, లేదా తాడులా మెలితిరిగిన క్షేత్రాన్ని పెట్టొచ్చు. మెలిక కుడికా ఎడమకా, ఎంత వాలుగా ఉంది అన్నది పేలుడు జరిగిన చోటు చూసి అంచనా వేస్తాం. కానీ స్ఫెరోమాక్‌ని చుట్టూ ఉన్న సౌర గాలి క్షేత్రం దిక్సూచి ముల్లును తిప్పినట్టు తిప్పేస్తుంది. అది నిజంగా జరిగే తిరుగుడా, మనం పెట్టిన ఆకారం వల్ల వచ్చిన తిరుగుడా అన్నది తేల్చుకోవడం కష్టం. అందుకే బీజెడ్ గ్రాఫ్ కొలతతో గీత మీద గీత పడిన రన్‌ను నేను ముందు అనుమానిస్తాను. దారి మధ్యలో ముద్ద ఏం చేసిందో చూస్తాను. తప్పు దారిలో సరైన జవాబు వచ్చే రన్‌లు మా రంగంలో తక్కువేం కాదు.

మీరడిగిన కంప్యూటర్ బలం నిజంగా చాలని చోటు ఒకటుంది, అది పేలుడు మొదలయ్యే దశ. కరోనాలో అయస్కాంత రేఖలు తెగి కలిసేది చాలా పల్చటి విద్యుత్ పొరల్లో. సూర్యుడి వ్యాసార్ధం దాదాపు 7 లక్షల కిలోమీటర్లు, ఆ పొరల్లో అసలు తెగింపు జరిగే స్థాయి మీటర్లలో ఉంటుంది. రెండింటినీ ఒకే గ్రిడ్‌లో పట్టించే కంప్యూటర్ లేదు. గ్రిడ్ గడుల ముతకదనం వల్ల వచ్చే కృత్రిమ అరుగుదలే అక్కడ రేఖల్ని తెంపుతుంది. కాబట్టి మోడల్‌లో పేలుడు వచ్చినప్పుడు అది భౌతికశాస్త్రం చేసిన పనా, గ్రిడ్ చేసిన పనా అని అడగాల్సిందే. పక్క గది వాళ్లు దీన్ని నాకంటే బాగా చెబుతారు. అందుకే ఇవాళ్టికీ పేలుడు జరగకముందు ఎవరూ తేదీ చెప్పరు, "వచ్చే 24 గంటల్లో ఎక్స్ క్లాస్ ఫ్లేర్‌కి ఇంత శాతం అవకాశం" అని మాత్రం చెబుతారు. మెషీన్ లెర్నింగ్ ఇక్కడ కొంత పనికొస్తోంది. అయితే నేర్పడానికి నిజంగా పెద్ద తుఫాన్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉన్నాయి. చిన్నవాటి మీద నేర్పిన మోడల్ పెద్దది వచ్చినప్పుడు ఏమంటుందో అన్న టెన్షన్ నాకు ఎప్పుడూ ఉంటుంది.

భూమి దగ్గర ప్రభావాల సంగతి క్లుప్తంగా. 1989 మార్చి 13న కెనడాలోని క్యుబెక్‌లో భూమిలో పుట్టిన ప్రవాహాల వల్ల గ్రిడ్ ఒకటిన్నర నిమిషంలో కూలిపోయి 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు లేదు. మన అక్షాంశాల్లో ఆ స్థాయి ముప్పు తక్కువ, మనకు ఎక్కువ తలనొప్పి జీపీఎస్ సంకేతాలు తడబడటం. 2024 మేలో తుఫాను ముదిరింది మనకు తెల్లవారుజామున, అయనోస్ఫియర్ (పై వాతావరణంలో విద్యుదావేశమున్న పొర) ఇంకా పూర్తిగా తయారుకాని వేళ, అందువల్ల మన మీద ప్రభావం తగ్గిందని ఇస్రో చెప్పింది. ఇంకో విషయం: నష్టానికి పెద్ద తుఫానే అక్కర్లేదు. 2022 ఫిబ్రవరి 3న పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 పోయాయి. వచ్చింది చిన్న తుఫానే, కానీ వాటిని వదిలింది 210 కిలోమీటర్ల ఎత్తులో. పై వాతావరణం వేడెక్కి ఉబ్బడంతో నిరోధం పెరిగి అవి పైకి ఎక్కలేకపోయాయి.

ఇక మీ రెండో ప్రశ్న. భారీ కోడ్‌లతో మొదలుపెట్టకండి. ఎంహెచ్‌డీ సిద్ధాంతం ఒక సెమిస్టర్ గట్టిగా చదవండి, పైథాన్‌లో సన్‌పై లైబ్రరీ నేర్చుకోండి. నాసా నడిపే సీసీఎంసీ కేంద్రం వెబ్‌సైట్‌లో ఎన్‌లిల్ లాంటి మోడల్స్‌ని ఎవరైనా ఉచితంగా రన్ చేయించుకోవచ్చు, విద్యార్థులు కూడా. ఆదిత్య డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో దొరుకుతుంది. మన దేశంలో ఈ రంగానికి కోల్‌కతా ఐసర్, బెంగళూరు ఐఐఏ, అహ్మదాబాద్ పీఆర్‌ఎల్ చూడండి. భూమి వైపు ప్రభావాల మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐకి హైదరాబాద్‌లోనూ చౌటుప్పల్‌లోనూ అయస్కాంత అబ్జర్వేటరీలున్నాయి. తక్కువ అక్షాంశాల్లో ఉన్నాయని వాటిని తీసిపారేయొద్దు. తుఫాను బలాన్ని చెప్పే డీఎస్‌టీ సూచీని లెక్కించేదే అలాంటి స్టేషన్ల కొలతల నుంచి. 1859 నాటి క్యారింగ్టన్ తుఫాను ఎంత పెద్దదో వాదించుకోవడానికి ఇవాళ్టికీ ఆధారంగా ఉన్నవాటిలో ఒకటి ముంబై కొలాబా అబ్జర్వేటరీ రికార్డు.

మొదటి పనిగా ఇది చేయండి. 2015 మార్చి 15 నాటి సోహో చిత్రాలు దించుకుని సీఎంఈ వేగం మీరే కొలవండి. అదే రోజు గాలి వేగాన్ని ఎల్1 డేటా నుంచి తీసుకోండి. పైన చెప్పిన నిరోధం లెక్కలో పెట్టి, 17న 04:45 యూటీసీకి వచ్చిన అసలు సమయంతో పోల్చండి. తర్వాత 2014 జనవరి 7తో అదే చేయండి. రెండింటిలో తేడాలు ఎన్ని గంటలు వచ్చాయో, ఏ అంకెను ఎంత మారిస్తే సరిపోతోందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.